ఆట ఒకచోట, ఆనవాలు ఒకచోట

1990ల దశకంలో మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఇండ్లలో చేరిన వీడియో గేమ్ యంత్రాలలో చాలావాటికి జ్ఞాపకం లేదు. క్యాసెట్ పెట్టి ఎన్ని మెట్లు గెలిచినను, కరెంటు పోయినచో మరల మొదటికే రావలసినది.

1994 డిసెంబరులో జపానులో వెలువడిన సోనీ ప్లేస్టేషన్ ఈ లోటును మెమొరీ కార్డుతో తీర్చినది. 128 కిలోబైట్లు, 15 అరలు. అంతే దాని పరిమాణం. ఆట సీడీలో ఉండును. ఆటగాడు ఎంతదాకా వచ్చెనో ఆ ఆనవాలు మాత్రమే కార్డులో ఉండును. దిల్‌సుఖ్‌నగర్ బాలుడు దానిని జేబులో వేసికొని ఎల్.బి.నగర్ మిత్రుని యింట, విడిచిన చోటినుండే ఆడవచ్చును. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 కార్డు 8 మెగాబైట్లకు పెరిగినది.

2017 మార్చిలో కథ తలక్రిందులైనది. ప్లేస్టేషన్ 4కు 250 గిగాబైట్లు మొదలు 8 టెరాబైట్ల వరకు గల హార్డ్ డిస్కును బయట తగిలించు వీలు కలిగినది. కాని అందులో చేరునది ఆట. ఆనవాలు యంత్రంలోనే ఉండిపోవును. యంత్రం చెడినచో ఆట మిగులును, పిల్లవాని నెలల శ్రమ పోవును. ఆ ఆనవాలును వేరొక పెన్‌డ్రైవులోనికి విడిగా నకలు చేసికొనవలెను.

తాళపత్ర గ్రంథాలు మనదాకా వచ్చినది ఆకు గట్టిదనం వలన కాదు, ప్రతులు వ్రాసికొన్నవారి ఓపిక వలన. పెద్ద పెట్టె కొన్నంత మాత్రాన భద్రం కాదు. ప్రతి ఉన్నదే మిగులును.