ఒంటి తీగ మాండలిన్: కాలనిర్ణయం

గిబ్సన్ కంపెనీ 1936లో తెచ్చిన ఈఎం-150 ఎలక్ట్రిక్ మాండలిన్‌లో పాత వాద్యం పెద్దగా మారలేదు. బోలు దేహమూ, నాలుగు జంటలుగా ఎనిమిది తీగలూ అలాగే ఉన్నాయి; వాటి కింద పికప్ చేరింది, అంతే. 1956లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి వచ్చిన ఫెండర్ మాండలిన్ తీరు వేరు. దాని దేహం దిట్టమైన చెక్క, తీగలు నాలుగే. 1976 దాకా తయారైన ఈ వాద్యాన్ని ఇప్పుడు ఏరి కొనేవారు మొదట అడిగేది, ఇది ఏ ఏటిదని.

సీరియల్ నంబరు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మరలు విప్పి మెడను వేరు చేస్తే, దాని మొదట్లో పనివారు పెన్సిల్‌తో వేసిన తేదీ కనిపించవచ్చు. అది మెడ తయారైన తేదీ మాత్రమే. వాల్యూమ్ కంట్రోల్ వెనక అచ్చొత్తిన అంకెలు మరో సాక్ష్యం. ఉదాహరణకు 304615 అని ఉంటే, 304 ఆ కంట్రోల్‌ను తయారుచేసిన స్టాక్‌పోల్ కంపెనీ సంకేతం, 6 సంవత్సరం చివరి అంకె, 15 వారం. 1946 నాటికి ఈ వాద్యమే లేదు. 1966 నాటికి సంవత్సరానికి రెండంకెలు వేసేవారు. కాబట్టి అది 1956, ఏప్రిల్. అయితే ఆ విడిభాగం ఎప్పుడు తయారైందో అది చెబుతుంది గాని, వాద్యంలో ఎప్పుడు బిగించారో చెప్పదు. ఫెండర్ 1966 నాటి కంట్రోళ్లను కుప్పలుగా కొని, తర్వాత కొన్నేళ్లపాటు వాడింది. అందువల్ల వాద్యం అంతకంటే పాతది కాదన్నంత వరకే రూఢిగా అనగలం. అదీ, సోల్డరింగ్ ఎవరూ కదపనప్పుడే.

రంగు మార్చిన వాద్యానికి అంగట్లో ధర పడిపోతుంది. నేను మాత్రం ముందు ఫ్రెట్ల అరుగుదల చూస్తాను. పై స్థాయిలోని ఫ్రెట్లు కూడా అరిగి ఉంటే, దాన్ని ఎవరో నిజంగా వాయించారు. ఆ వాద్యానికే నా ఓటు.

తీగల లెక్క ఇంకా ముఖ్యం. మాండలిన్ స్వరం ఇట్టే ఆరిపోతుంది, అందుకే వాదకులు ఎడతెగకుండా మీటుతూ దాన్ని నిలబెట్టేవారు. జంట తీగ నాదానికి నిండుదనం ఇచ్చేది. యాంప్లిఫయర్ వచ్చాక ఆ పని అది చేసిపెట్టింది, ఒంటి తీగ చాలింది. దీన్ని మొదట గుర్తించింది ఫెండర్ కాదు. బాబ్ విల్స్ బృందంలో వాయించిన టైనీ మూర్ కోసం పాల్ బిగ్స్‌బీ 1952లోనే ఐదు ఒంటి తీగల మాండలిన్ చేసి ఇచ్చాడు.

ఒంటి తీగకున్న అసలు బలం దాన్ని లాగి స్వరాన్ని వంచగలగడం. జంట తీగను అలా లాగితే రెండూ ఒకే శ్రుతిలో నిలవడం కష్టం. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతంలోని గమకాల కోసం కావలసింది సరిగ్గా ఆ వెసులుబాటే. నాలుగు తీగలతో స్థాయి చాలక ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసే నాటికి ఆయనకు తొమ్మిదేళ్లు.