చివరి మెట్టు

మా అమ్మమ్మ సికింద్రాబాద్‌లోని మా ఇంటి మెట్లు దిగుతూ పడింది. నేల వచ్చేసిందనుకుని కాలు వేసింది. ఇంకో మెట్టు మిగిలే ఉంది. తుంటి ఎముక విరిగింది. నేను ఫిజియోథెరపిస్టుని. పడిపోయిన పెద్దవాళ్లను లేపి మళ్లీ నడిపించడమే నా పని. రోజూ ఎక్కి దిగే ఆ మెట్టును నేనూ ఏనాడూ పట్టించుకోలేదు.

తర్వాత అలాంటి మెట్టే ఒక ఇంగ్లండు డాక్టరు వ్యాసంలో కనిపించింది. జె.హెచ్. షెల్డన్ 1960లో, వృద్ధులు పడిపోయిన 500 సందర్భాలను పరిశీలించి రాశారు. మెట్లన్నీ దిగేశామనుకుని ఆఖరి మెట్టు తప్పినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆసుపత్రిలో కూర్చుంటే ఈ సంగతి తెలియదు. ఆయనకు ఇళ్లకు వెళ్లే అలవాటు అంతకు చాలా ముందే అయింది.

షెల్డన్ పనిచేసిన ఊరు వుల్వర్‌హాంప్టన్, తాళాలకూ సైకిళ్లకూ పేరుపడ్డ ఫ్యాక్టరీల పట్టణం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో అక్కడి వృద్ధుల అవసరాలు తెలుసుకోవాలని పూనుకున్నారు. నఫీల్డ్ ఫౌండేషన్ సాయం చేసింది. మరి ఎవరిని అడగాలి? యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఉన్నవాడికీ లేనివాడికీ రేషన్ పుస్తకం ఉండేది. ఆ రిజిస్టర్ నుంచే పేర్లు ఏరుకున్నారు. అందుకే రోగులూ నిరుపేదలూ మాత్రమే గాక, ఎవరి కంటా పడని మామూలు ముసలివాళ్లూ లెక్కలోకి వచ్చారు. అలా 477 మంది కథ 1948లో పుస్తకంగా వెలువడింది.

అందులో నన్ను కదిలించినవి చిన్న చిన్న సంగతులే. పాదాల నొప్పులతో నడవలేకపోవడం, మెట్లంటే భయం, తోడు పోయాక మిగిలే ఒంటరితనం. చాలామందికి ఆసరా ఇంట్లోవాళ్లే. మంచాన పడితే ఆ చాకిరీ అంతా ఎక్కువగా భార్య మీదో కూతురి మీదో పడేది. పెద్దల అవసరాలంటే వాళ్లను చూసుకునే ఆడవాళ్ల అవసరాలు కూడా అని షెల్డన్ లెక్కలు చెప్పాయి.

మన దగ్గర ముసలివాళ్ల జాబితా అంటే పింఛను జాబితా. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛను పథకం మొదలైంది. ఆ డబ్బు ఎందరికో మందూ మెతుకూ అయింది, అది చిన్న మేలు కాదు. కానీ మూడో అంతస్తు నుంచి దిగలేక ఏడాదిగా వీధి చూడని పెద్దావిడ సంగతి ఏ జాబితా చెబుతుంది? పింఛను అక్కర్లేని ఇళ్లలోనూ అలాంటివాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

నగరపాలక సంస్థలు వార్డువారీగా ఇంటింటికీ వెళ్లి అడగాలి. అంతవరకూ ఆగకుండా మనం మన ఇంట్లో మొదలుపెడదాం. ఇవాళ సాయంత్రం అమ్మ చెయ్యి పట్టుకుని ఆమెతోపాటు మెట్లు దిగండి. రెయిలింగ్ చివరిదాకా ఉందా, దీపం వెలుగుతోందా చూడండి. ఆఖరి మెట్టు అంచుకు తెల్లరంగు వేయించండి. మా ఇంట్లో వేయించాం, అమ్మమ్మ పడ్డాక.