కౌలాస్ కోట మీద ఒక సాయంత్రం చర్చ పెడితే?

యుద్ధాల చరిత్రంటే పడిచచ్చేవాళ్ళు మన ఐటీ జనాల్లో చాలామందే ఉన్నారు. స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైన్యం ఎన్నోదో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అదే కౌలాస్ ఎక్కడుందంటే మాత్రం కామారెడ్డి వాళ్ళు కూడా కొందరు తడుముకుంటారు.

అమెరికాలో ఉన్నవాళ్ళు 'సివిల్ వార్ రౌండ్ టేబుల్' అనే మాట వినే ఉంటారు. 1940లో షికాగోలో రాల్ఫ్ న్యూమన్ అనే పుస్తకాల కొట్టాయన, ఆయన దగ్గరికొచ్చే పాఠకులు కలిసి మొదలుపెట్టారు. పద్ధతి చాలా సింపుల్. నెలకోసారి కలుస్తారు, ఒకరు ఒక యుద్ధం గురించి చెప్తారు, మిగతావాళ్ళు వాదిస్తారు. వీలైతే అందరూ కలిసి ఆ యుద్ధభూమికే వెళ్ళి నడిచి చూస్తారు. ఆ తర్వాత ఇలాంటివి అక్కడ చాలా ఊళ్ళలో పుట్టాయి.

సరే, అలాంటిదే కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో పెట్టామనుకోండి. ఏం మాట్లాడుకుంటాం? నా మటుకు నేను మొదటి సాయంత్రం కౌలాస్‌కే ఇస్తాను. కామారెడ్డి నుంచి పడమటికి ఎల్లారెడ్డి, ఇంకా ముందుకెళ్ళి మంజీరా దాటితే జుక్కల్ మండలంలో ఉంటుందీ కోట. అక్కణ్ణుంచి అటు మరాఠీ నేల, ఇటు కన్నడ నేల, ఇవతల మనం. ఇవాళ సంగారెడ్డి నుంచి నాందేడ్ వెళ్ళే జాతీయ రహదారి కూడా ఆ పక్కనుంచే పోతుంది. అంటే తెలంగాణకి పడమటి వాకిలి అన్నమాట.

ఓరుగల్లుని ఢిల్లీ నుంచి విడిపించిన ముసునూరి కాపయ నాయకుడు, తుగ్లక్ మీద దక్కను అమీర్లు తిరగబడితే వాళ్ళకి సాయం చేశాడు. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. మూడేళ్ళు తిరక్కుండానే, 1350లో, ఆ కొత్త సుల్తాను ఇతని మీదికే వచ్చాడు. కాపయ కౌలాస్‌ని వదులుకున్నాడు. 1360లలో తిరిగి తీసుకోబోయి, కౌలాస్ రాకపోగా గోల్కొండ కూడా పోగొట్టుకున్నాడు. వాకిలి పోయాక ఇల్లు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చూడండి.

ఇక్కడే అసలు వాదన. కాపయ అమీర్లకి సాయం చేయకపోతే ఢిల్లీ సైన్యం మళ్ళీ ఓరుగల్లుకి వచ్చేదేమో. చేస్తేనేమో పక్కనే కొత్త శత్రువు తయారయ్యాడు. అతని స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?

మన చరిత్ర చర్చలు మామూలుగా ఇంతదూరం రావు. రెండో నిమిషంలోనే కాపయది ఏ కులం, సుల్తానుది ఏ మతం అన్న దగ్గర ఆగిపోతాయి. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే ఎవడి తప్పని కాదు, ఎందుకు పడిందని చూడమంటాం కదా. ఏడొందలేళ్ళ నాటి ఓటమికి ఆ మాత్రం ఓపిక చూపలేమా? అందుకే నా క్లబ్బులో ఒకటే రూలు: మొదటి గంట వీరుడు, ద్రోహి అన్న మాటలు నిషేధం. మ్యాపు, దారి, నీళ్ళు, మేత, గుర్రాలు వీటి గురించే మాట్లాడాలి.

ఇంకో సాయంత్రానికి 1857 ఉంది. నానాసాహెబ్ తరఫున తిరుగుబాటు కూడగట్టిన రంగారావు పాగేతో చేతులు కలిపినందుకు కౌలాస్ రాజా దీప్‌సింగ్‌కి జైలుశిక్ష పడింది. రంగారావుని అండమాన్ పంపారు. ఝాన్సీ గురించి తెలిసినంతలో వీళ్ళ గురించి పదోవంతైనా మనకి తెలియదు.

కామారెడ్డి పక్కనే ఉన్న దోమకొండ కోటని బాగుచేసుకుంటే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. దోమకొండకి అయింది కౌలాస్‌కి కాకూడదని లేదు. కాకపోతే ముందు దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు ఓ పదిమంది ఉండాలి. డబ్బులు, మేస్త్రీలు ఆ తర్వాత సంగతి.

సంక్రాంతికో దసరాకో ఊరెళ్ళినప్పుడు ఒక పూట మిగుల్చుకోండి. మీ స్కూల్లో సోషల్ చెప్పిన సారు, మిలిటరీలో చేసి రిటైరైన పెదనాన్న, టీ, ఒక మ్యాపు. క్లబ్బుకి ఇంతకంటే ఏం కావాలి?