గోరంత విషయం - కొండంత చరిత్ర

మన సంఘం దీపావళి సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాసి ఇవ్వమని సంపాదకవర్గంవారు అడిగారు. గోళ్ళ మీద రాస్తానన్నాను. వారు నవ్వారు. రాజులు, కోటలు, శాసనాలు ఉండగా గోళ్ళకు చరిత్రేమిటి అన్నారు. గోరంతలు కొండంతలు చేయడం మనకు అలవాటే కదా, ఒకసారి చేసి చూద్దామనుకున్నాను.

నేను 1994లో పెళ్ళయి షార్జా వచ్చాను. మా కాపురం రోలాలో. ఇక్కడివారు మర్రిచెట్టును రోలా అంటారు. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో షేక్ సుల్తాన్ బిన్ సఖర్ అల్ ఖాసిమీ నాటించిన మర్రి ఈ చోటికి ఆ పేరు తెచ్చిపెట్టింది. దాని నీడన బేరసారాలు జరిగేవి, ఈద్ పండుగకు పిల్లలు ఉయ్యాలలూగేవారు. 1978లో ఆ చెట్టు కూలిపోయింది. నేను వచ్చేసరికి చెట్టు లేదు, పేరే మిగిలింది. మర్రి మన దేశపు చెట్టు కాబట్టి నాకు ఆ పేరు మీద మొదటినుంచీ ఒక బంధుప్రీతి.

వచ్చిన కొత్తలో ఒక బ్యూటీ సెలూన్ మెట్లెక్కి గోళ్ళు బాగుచేయడానికి ఎంత అని అడిగాను. రెండు చేతులకూ 40 దిర్హాములన్నారు. మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని మెట్లు దిగి వచ్చేశాను. గోళ్ళకు అంత ఖర్చా అనిపించింది. అసలు గోళ్ళకు ధర ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది. ఆ తర్వాత దొరికిన పుస్తకంలోనల్లా ఆ సంగతే వెతికాను.

మానిక్యూర్ అనే మాటకు మూలం లాటిన్. చేయి, సంరక్షణ అనే రెండు మాటల కలయిక అది. మాట వారిదే గాని పని మనకు కొత్తది కాదు. పక్షానికి మూడుసార్లు జుట్టు, గడ్డం, గోళ్ళు తీయించుకోవాలని చరకసంహిత చెబుతుంది. అంటే అయిదు రోజులకొకసారి! వాత్స్యాయనుడు మరొక అడుగు ముందుకు వేసి దేశాలవారీగా గోళ్ళను వర్ణించాడు. గౌడదేశంవారివి చేతికి అందం తెచ్చే పొడవాటి గోళ్ళట. దాక్షిణాత్యులవి పొట్టివి, పనికి తట్టుకునేవి అన్నాడు. సుమారు పదిహేడు శతాబ్దాల కిందటి ఆ మాట చదివి నా చేతులు చూసుకున్నాను. అంట్లు తోమే చేతులు. వాత్స్యాయనుడు సరిగ్గానే చెప్పాడు.

మన పల్లెల్లో గోళ్ళు తీసేవాడు మంగలి. అతని పొదిలో కత్తితోపాటు గోళ్ళు తీసే చిన్న పనిముట్టు కూడా ఉండేది. చేతికి డబ్బు ఇచ్చే ఆచారం తక్కువ, పంట ఇంటికి వచ్చినప్పుడు కళ్ళంలో ధాన్యం కొలిచేవారు. పెళ్ళిలో వధూవరుల గోళ్ళు తీయడం ఒక వేడుక, దానికి అతనికి కట్నం వేరుగా ఉండేది. ఇక రంగు సంగతి ఇంటి ఆడవారిది. పసుపులో సున్నం కలిపితే పారాణి. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుందని మన అమ్మమ్మలు రసాయనశాస్త్రం చదవకుండానే తెలుసుకున్నారు. గోళ్ళకు మాత్రం గోరింటాకే. సంస్కృతంలో దానికి నఖరంజని అని పేరుంది. ఆషాఢంలో ఒకసారి, ఉండ్రాళ్ళ తద్దికి ఒకసారి, అట్లతద్దికి మరొకసారి పెట్టుకోవడం మనలో ఉన్నదే.

ఆకులో లాసోన్ అనే పదార్థం ఉంది. ఆకు నలిగి, పులుపు తగిలితే అది బాగా బయటికి వస్తుంది. రుబ్బేటప్పుడు చింతపండు వేయడంలో రహస్యం ఇదే. గోరు, జుట్టు, చర్మం పైపొర మూడింటిలోనూ కెరటిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. లాసోన్ దానితో కలిసిపోతుంది. చర్మం పైపొర రాలిపోతుంది కనుక చేతి పండుదనం రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది. గోరు రాలదు. దానికి పట్టిన ఎరుపు కడిగినా పోదు, గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది.

ఈ ఆకు మనదొక్కరిదే అనుకుంటే పొరపాటు. క్రీస్తుపూర్వం 1213లో మరణించిన ఈజిప్టు చక్రవర్తి రెండవ రామ్సెస్ మమ్మీ జుట్టుకు గోరింటాకు రంగు ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. అరబ్బు నేలమీద పెళ్ళికీ, ఈద్‌కూ హెన్నా లేనిదే ముచ్చట తీరదు. ఇక్కడి పెద్దవయసు స్త్రీలు వేళ్ళ కొనలు మాత్రం ఎర్రబరచుకోవడం చూసినప్పుడల్లా నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చేది. నమాజుకు ముందు చేసే వుజూలో నీరు గోరును తాకాలి. పాలిష్ పొర దానికి అడ్డు, గోరింటాకు రంగు అడ్డు కాదు. ఇన్ని సెలూన్ల మధ్య హెన్నా నిలిచి ఉండడానికి ఇదీ ఒక కారణం. 2024 డిసెంబరులో యునెస్కో హెన్నా ఆచారాలను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అందుకు కలిసి దరఖాస్తు చేసిన 16 అరబ్బు దేశాలలో యు.ఎ.ఇ. ఒకటి. రాజస్థాన్‌లోని సోజత్ మెహందీకి 2021లో మన దేశంలో భౌగోళిక గుర్తింపు లభించింది.

మరి సీసాలో రంగు ఎప్పుడు వచ్చింది? అమెరికాలో క్యూటెక్స్ కంపెనీ 1911లో గోటి మొదలు దగ్గరి చర్మాన్ని మెత్తబరిచే మందుతో మొదలుపెట్టి, 1917లో ద్రవరూపంలో గోళ్ళ రంగు అమ్మింది. 1932లో రెవ్లాన్ వచ్చింది. మన దేశంలో టాటావారు 1952లో లాక్మే ప్రారంభించారు. ఆ పేరు ఒక ఫ్రెంచి సంగీతనాటకంలోని నాయికది, ఆమె పేరుకు మూలం మన లక్ష్మి! ఇంటి పెరట్లో ఊరికే దొరికే దానికి ధర పుట్టింది ఇలాగే. ఇదంతా నూరేళ్ళ కిందటి మాటే. పెరటి ఆకు చరిత్ర మూడువేల ఏళ్ళు దాటింది.

ఇంత తెలిశాక నేను సెలూన్ మాట మరచిపోయి ఇంట్లోనే మొదలుపెట్టాను. ఒక నెయిల్ కట్టర్, ఒక ఆకురాయి, కొబ్బరినూనె, నిమ్మచెక్క, గోరువెచ్చని నీళ్ళ గిన్నె. అన్నీ కలిపి ఆ రోజుల్లో నాకు 10 దిర్హాములు దాటలేదు. పద్ధతి కూడా చిన్నదే. పాత రంగు ఉంటే ముందే తుడిచివేయాలి. పొడి గోటిని ఆకురాయితో ఒకే వైపుకు రుద్దాలి, ముందుకూ వెనక్కూ రుద్దితే కొన చీలుతుంది. తర్వాత అయిదు నిమిషాలు నీళ్ళలో ఉంచి, మెత్తబడిన అంచు చర్మాన్ని తువ్వాలుతో వెనక్కు నెట్టాలి. ఎట్టి పరిస్థితిలోనూ దాన్ని కత్తిరించకూడదు. గోటి మొదట్లోకి క్రిములు పోకుండా కాపలా కాసేది అదే. చివరకు నూనె రాయాలి. గోటికి పగుళ్ళుంటే నిమ్మచెక్క జోలికి పోవద్దు, మండుతుంది.

వచ్చిన చిక్కల్లా వారంతోనే. అప్పట్లో మాకు సెలవు శుక్రవారం ఒక్కటే. మన ఇళ్ళలో శుక్రవారం గోళ్ళు తీస్తే లక్ష్మి పోతుందంటారు. ఇక్కడివారికేమో శుక్రవారం ప్రార్థనకు ముందు గోళ్ళు తీసుకోవడం మంచి ఆచారం, నలభై రోజులు దాటి పెంచకూడదని నియమం. ఏ ఊరి లక్ష్మి ఆ ఊరి పద్ధతి పాటిస్తుందని సరిపెట్టుకున్నాను. 2022 నుంచి వారాంతపు సెలవులు మారాయి గాని నా అలవాటు మారలేదు.

ఇక అసలు సంగతి. మా బిల్డింగులోనే కోనసీమ నుంచి వచ్చిన ఒక అక్క బెడ్ స్పేస్‌లో ఉండేది. ఇళ్ళలో పనిచేసేది. శుక్రవారం సాయంత్రం మా ఇంటికి వచ్చి టీ తాగి వెళ్ళేది. 1996 దీపావళి ముందు అనుకుంటాను, నేను గిన్నె ముందు కూర్చుని ఉంటే వచ్చింది. రా అక్కా, నీకూ చేస్తానన్నాను. చేతులు వెనక్కు దాచుకుంది. బ్లీచింగ్ నీళ్ళలో నాని వేళ్ళు పగిలి ఉన్నాయి, గోళ్ళు పొరలు పొరలుగా లేచాయి. కొనలో మాత్రం సన్నగా, దారంలా ఎర్రని గీత.

"ఆషాఢంలో మా పాప పెట్టిందమ్మా, నేను బయలుదేరే ముందు రోజు" అంది.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆషాఢం నుంచి దీపావళికి నాలుగు నెలలు. అంటే గోరు దాదాపు మొత్తం మారిపోయినట్టే. కూతురు పెట్టిన ఎరుపులో మిగిలింది ఆ గీత ఒక్కటే. కత్తిరిస్తే అదీ పోతుంది. కత్తిరించకపోతే పనిలో గుడ్డలకు తగిలి గోరు చీలి రక్తం వస్తోంది. చాలాసేపు ఆలోచించి, "చిటికెన వేలు వదిలేసి మిగతావి తియ్యమ్మా" అంది. ఎడమచేత్తో కుడిచేతి గోళ్ళు తీసుకోవడం తనకు రాదట. ఊళ్ళో ఎప్పుడూ ఎవరో ఒకరు తీసేవారట.

ఆ మాటతో నాకు చరిత్ర తలకిందులైంది. గోళ్ళకు పూర్వం ధర లేదని మురిసిపోయాను గాని, ధర లేని ఆ పనికి మరొకరి చేయి ఉండేది. మంగలి ఉన్నాడు, అమ్మ ఉంది, పక్కింటి పిన్ని ఉంది. రెండు చేతులకూ గోరింటాకు ఎవరికి వారు పెట్టుకోగలరా? ఆకు ఊరికే దొరికేది నిజమే, దానితోపాటు మనుషులూ దొరికేవారు. దేశం దాటి వచ్చినప్పుడు మనం పోగొట్టుకున్నది రెండోదాన్నే. సెలూన్‌వారు 40 దిర్హాములు అడిగింది ఆ చేతికే. అందులో తప్పేమీ లేదు.

మర్నాడు రోలాలో కొట్టు నుంచి గోరింటాకు పొడి తెచ్చి, నిమ్మరసంతో నానబెట్టాను. ఆ రాత్రి అక్క గోళ్ళకు నేను, నా గోళ్ళకు అక్క. రబ్బరు చేతితొడుగులు కూడా ఒక జత ఇచ్చాను. తర్వాతి వారం మరో ఇద్దరు వచ్చారు. ఏటా ఆషాఢంలో, అట్లతద్దికి మా ఇంట్లో గిన్నెలు బారులు తీరడం అప్పటినుంచే. ఒక్క జాగ్రత్త చెబుతాను. నల్లగా, గంటలో పండుతుందని అమ్మేదాన్ని కొనకండి. అందులో జుట్టుకు వేసే పి.పి.డి. రంగు కలుపుతారు, చర్మం బొబ్బలెక్కుతుంది. అసలైన ఆకు ఎప్పుడూ నలుపు పండదు, తొందరా పడదు. మొదట నారింజ రంగులో ఉండి, రెండు రోజులకు ముదురుతుంది.

అక్క తిరిగి ఊరు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. పాప పెళ్ళికి ఫోను చేసినప్పుడు, ఆషాఢంలో తన చేతులకు ఇప్పుడు మనవరాలు పెడుతోందని తర్వాత కబురు పెట్టినప్పుడు, నేను నా గోళ్ళే చూసుకున్నాను.

ఈ దీపావళికి మీ పక్క ఫ్లాటులో ఒంటరిగా ఉన్న చెల్లెలో, అక్కో ఎవరైనా ఉంటే ఒక గిన్నెడు గోరువెచ్చని నీళ్ళతో పిలవండి. ఖర్చు పెద్దగా ఉండదు. అందరికీ దీపావళి శుభాకాంక్షలు.