లెక్క అడిగే హక్కు

మన సంఘాల్లో ఏటేటా సర్వసభ్య సమావేశం ఒకే తీరుగా సాగుతుంది. కార్యదర్శి నివేదిక చదువుతారు. కోశాధికారి జమాఖర్చుల కాగితం పంచుతారు. ఎవరో "ఆమోదిస్తున్నాం" అంటారు. అందరం భోజనాలకు లేస్తాం. ఆ కాగితంలో ఒక పద్దు అర్థం కాకపోయినా అడగడానికి మనసొప్పదు. కోశాధికారి మనలో ఒకరే. వారి పిల్లలూ మన పిల్లలూ కలిసి ఆడుకుంటారు. ఉద్యోగం చేసుకుంటూ, శనివారాలు వదులుకొని సంఘానికి చాకిరీ చేస్తున్న మనిషిని లెక్క అడిగితే అనుమానించినట్టవుతుందేమోనని జంకు. అడిగినవారికి తగవులమారి అని పేరు పడుతుందేమోనని మరో జంకు.

మనం స్థిరపడిన ఈ ఇంగ్లండులోనే, ఈ జంకును నియమావళితో దాటిన సామాన్యుల కథ ఒకటి ఉంది. లాంకషైర్‌లోని రోచ్‌డేల్ పట్నంలో ఫ్లానెల్ నేతగాళ్ళూ, ఇతర చేతిపనులవాళ్ళూ కొందరు చేరి, 1844లో 28 పౌన్ల మూలధనంతో ఒక సహకార దుకాణం పెట్టారు. ఆ డిసెంబరు 21న టోడ్ లేన్‌లో తలుపులు తీసినప్పుడు లోపల ఉన్న సరుకు వెన్న, పంచదార, పిండి వంటి నాలుగైదు రకాలే. కాని వాళ్ళ నియమాల్లో గొప్ప దూరదృష్టి ఉంది. లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్లను సభ్యులే ఎన్నుకోవాలి. మూడు నెలలకొకసారి లెక్కలు సభ్యుల ముందుకు రావాలి. ఎవరి మీదా అనుమానం పుట్టకముందే, మొదటి రూకకు ముందే, ఈ కట్టుబాటు పెట్టుకున్నారు. అందువల్ల అక్కడ లెక్క చూడడం వారం వారం అంగడి ఊడ్చినట్టు ఒక మామూలు పని అయింది.

దాని విలువ అయిదేళ్ళకే తెలిసింది. 1849లో అదే ఊళ్ళోని సేవింగ్స్ బ్యాంకు కూలిపోయింది. పెద్దమనిషిగా పేరున్న దాని నిర్వాహకుడు చనిపోయాక పుస్తకాలు తెరిస్తే, డెబ్బై వేల పౌన్లకు పైగా లోటు బయటపడింది. ఆయన మీద గౌరవంతో ఎవరూ సరిగ్గా చూడలేదు. కూలీనాలీ చేసి దాచుకున్న పేదల సొమ్ము పోయింది. ఆ తరువాత మిగిలినది చేతపట్టుకొని ఎంతోమంది టోడ్ లేన్ దుకాణంలో సభ్యులుగా చేరారు. పెద్దరికం కన్నా పుస్తకం నమ్మదగినదని ఊరు గ్రహించింది.

అదే 1849లో పెద్ద కంపెనీల్లోనూ ఇటువంటి పాఠమే జరిగింది. 'రైల్వే రాజు' అని పేరుపొందిన జార్జి హడ్సన్ పార్లమెంటు సభ్యుడు, యార్క్ నగరానికి మేయరుగా చేసినవాడు. ఆయన కంపెనీలకు ఆడిటర్లు లేకపోలేదు. 1845 నాటి చట్టం ప్రకారం వాటాదారులు ఆడిటర్లను ఎన్నుకునే ఏర్పాటు ఉంది. అయినా ఆడిటర్లు పట్టించుకోని విషయం ఫిబ్రవరిలో జరిగిన సమావేశంలో ప్రాన్స్ అనే ఒక వాటాదారు అడిగాడు: కంపెనీ కొన్న కొన్ని వాటాలకు బజారు ధరకంటె ఎక్కువ ఎందుకిచ్చారు? ఆ వాటాలు అమ్మినవారిలో హడ్సన్ కూడా ఉన్నాడు. ఆ ప్రశ్నతో విచారణ సంఘం ఏర్పడింది. ఇతర కంపెనీల వాటాదారులూ విచారణలు కోరారు. వాటిలో ఒక కంపెనీ సంపాదించని లాభాన్ని మూలధనంలోంచి తీసి పంచిపెట్టిందని తేలింది. కొద్ది నెలల్లోనే హడ్సన్ అధ్యక్షపదవులన్నీ వదులుకోవలసి వచ్చింది. ఆడిటరు ఉండడం ఒక ఎత్తు, అడిగే సభ్యుడు ఉండడం మరొక ఎత్తు.

అయితే సమావేశంలో అందరి ఎదుటా లేచి నిలబడే ధైర్యం అందరికీ ఉండదు. మెజారిటీ కార్యవర్గం వైపే ఉంటే ఆ ప్రశ్న అక్కడే అణగిపోతుంది. ఈ చిక్కును 1893 నాటి ఇండస్ట్రియల్ అండ్ ప్రావిడెంట్ సొసైటీల చట్టం తెలివిగా విప్పింది. కనీసం 12 నెలలుగా సభ్యులుగా ఉన్న పదిమంది కలిసి రిజిస్ట్రారుకు అర్జీ పెట్టుకుంటే, ఆయన తగునని తోస్తే ఒక అకౌంటెంటును పంపి సంఘం పుస్తకాలు తనిఖీ చేయించవచ్చు. ఖర్చులకు అర్జీదారులు పూచీగా డబ్బు కట్టాలి. ఫలితం అర్జీదారులకూ సంఘానికీ తెలియజేయాలి. పదిమంది చాలు, మెజారిటీ అక్కరలేదు. అయితే నిన్న చేరి నేడు అల్లరి చేసేవారికి తావులేదు. సరదాకు అడిగేవారిని డబ్బు ఆపుతుంది. నిజంగా అడిగేవారికి దారి తెరిచే ఉంటుంది.

మన దేశానికి సహకార చట్టాలు 1904లోనూ 1912లోనూ వచ్చాయి. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకూ అవి వర్తించాయి. 1912 చట్టం ప్రకారం రిజిస్ట్రారు ఏడాదికి ఒక్కసారైనా ప్రతి సంఘం లెక్కలు ఆడిట్ చేయించాలి. ఇది ఇంగ్లండుకన్నా గట్టి ఏర్పాటు. కాని సభ్యులు తమంతట తాము విచారణ కోరాలంటే మూడోవంతు మంది సంతకాలు కావాలి. 90 మంది ఉన్న ఊరి సంఘంలో 30 మంది అన్నమాట. పెత్తందారు ఎదుట 30 మంది చేత సంతకాలు పెట్టించడం ఎంత కష్టమో పల్లెల నుంచి వచ్చిన మనకు వేరే చెప్పనక్కరలేదు. లెక్క చూసే బాధ్యత సర్కారుది, అడిగే పని మనది కాదు అనే అలవాటు మనలో నాటుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చుననిపిస్తుంది.

ఇక ఇక్కడి నేటి సంగతి. పదిమంది అర్జీ పద్ధతి 2014 నాటి సహకార సంఘాల చట్టంలోనూ నిలిచి ఉంది. సంఘం కంపెనీగా నమోదై, చిన్నదని ఆడిట్ మినహాయింపు పొందుతున్నా, 2006 కంపెనీల చట్టం ప్రకారం సభ్యుల్లో నూటికి పదిమంది రాతపూర్వకంగా కోరితే ఆ ఏడాది ఆడిట్ జరిపించవలసిందే. ఆ ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక, అది ముగియడానికి కనీసం నెల ముందు నోటీసు అందాలి. ఇంగ్లండు, వేల్సుల్లో ధర్మసంస్థగా ఉన్న సంఘాన్ని కడపటి లెక్కల ప్రతి ఇమ్మని ఎవరైనా రాసి అడగవచ్చు. తగిన రుసుము తీసుకొని రెండు నెలల్లోగా ఇవ్వాలి. ఏ నమోదూ లేని సంఘానికి దాని నియమావళే చట్టం. ప్రత్యేక సమావేశం పిలవడానికి ఎంతమంది సంతకాలు కావాలో అందులో వెతకాలి. ఆ మాటే అందులో లేకపోతే చేర్పించడం మన మొదటి పని.

అర్జీ రాసేటప్పుడు ఫలానావారు తిన్నారని రాయకూడదు. ఏ సంవత్సరం, ఏ పద్దు, ఏ రశీదులు చూడదలచామో అంతవరకే రాయాలి. నేరం మోపడం వేరు, లెక్క అడగడం వేరు.

మేము కోరేది రోచ్‌డేల్ నేతగాళ్ళ దారి. కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులను ఏటా ఎన్నుకొని, సమావేశానికి ముందే రశీదులూ బ్యాంకు పుస్తకమూ వారి చేత చూపించుదాం. దీనివల్ల ఎక్కువ మేలు పొందేది కోశాధికారే. ఇంటి పని మానుకొని చాకిరీ చేసిన మనిషి పదవి దిగిపోయేనాడు, నలుగురు చూసి సరేనన్న పుస్తకం చేతికిచ్చి తలెత్తుకొని వెళ్ళాలి కదా.