రైతుబంధు ఎవరి పేరు మీద వచ్చింది?

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000. విత్తనాలకూ ఎరువులకూ షావుకారు ముందు చెయ్యి చాపకుండా ఉండేందుకు ఇచ్చిన సాయం. మంచిదే. అయితే ఆ డబ్బు దున్నినవాళ్లను వెతుక్కుంటూ రాలేదు. పాసుబుక్కులో పేరున్నవాళ్ల ఖాతాలో పడింది. కాబట్టి మన ఏజెన్సీలో అది ఎవరికి చేరిందో తెలియాలంటే ఆ పేర్లు ఎట్లా ఎక్కాయో ముందు చూడాలి.

నిజాం కాలంలో ఆసిఫాబాద్ అడవుల్లో రిజర్వు హద్దులు గీశారు. గోండులు, కోలాములు సాగుచేసుకుంటున్న చేన్లు ఆ గీతల లోపల పడిపోయాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఈ భూముల కోసమే. ఆ తర్వాతే ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. కొన్ని వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. రోడ్లు పడి మైదానం నుంచి వలసలు పెరిగాక ఆ భూములు చాలాచోట్ల అప్పుల కింద చేతులు మారాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1970లో నిబంధన గట్టిచేశారు. మనం 1/70 అంటున్నది దాన్నే. అప్పటికే పోయిన భూముల్లో చాలావరకు తిరిగి రాలేదు.

ఇక పాత పహాణీలో పట్టాదారు కాలమ్ ఒకటి, కాస్తు కాలమ్ ఒకటి ఉండేవి. 2017లో రికార్డులు సరిచేసినప్పుడు కాస్తు కాలమ్ తీసేశారు. ఒక్క గీత కొట్టేస్తే ఏమైందో లెక్క వేసి చూడండి. 50 ఎకరాల పట్టాదారు పట్నంలో ఉన్నా ఏడాదికి 5 లక్షలు, ఎందుకంటే ఎకరాలకు పరిమితి పెట్టలేదు. రెండెకరాలవాళ్లకు 20 వేలు. తాత పోగొట్టుకున్న చేనునే కౌలుకు దున్నుతున్న మనవడికి ఏమీ లేదు.

పోడు సంగతి మరీ ఘోరం. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమికి, 4 హెక్టార్లు దాటకుండా, హక్కు ఇవ్వాలని 2006 చట్టం చెప్పింది. చాలామందికి ఆ కాగితం అందడానికి 2023 జూన్ 30 దాకా పట్టింది. ఆ రోజు మళ్లీ ఆసిఫాబాద్‌లోనే పంపిణీ మొదలుపెట్టి, రాష్ట్రమంతటా 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు ఇస్తున్నామన్నారు. రైతుబంధు కూడా అప్పుడే కలిపారు. మరి అంతకుముందు పది పంటలు? ప్రభుత్వం ప్రకటించిన రేటు ప్రకారమే ఎకరానికి 48,000. మూడెకరాల పోడు కుటుంబానికి 1,44,000. చట్టం ప్రకారం ఆ భూమి ముందునుంచీ వాళ్లదే, కానీ వెనకటి బాకీ అంటూ ఎవరూ ఇవ్వలేదు.

వేరే దారి లేకపోలేదు. 2019 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన రైతు భరోసాలో అటవీ హక్కు పత్రం ఉన్నవాళ్లనూ, భూమిలేని గిరిజన కౌలుదారులనూ చేర్చారు. (కౌలు కార్డుకు భూయజమాని సంతకం కావాలన్నారు, అది వేరే తలనొప్పి.) తెలంగాణలో 2025 జనవరి 26 నుంచి సాయం పేరు రైతు భరోసా అయింది, ఎకరానికి ఏడాదికి 12,000 అయింది. చూసేది మాత్రం పాసుబుక్కునే.

తరగతిలో ఈ పాఠం చెప్పే టీచర్లు పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: మీ ఇంటి పట్టా ఎవరి పేరు మీద ఉంది? చాలా ఇళ్లలో చనిపోయిన తాత పేరే ఉంటుంది. హక్కు పత్రం అమ్మడానికి వీల్లేదు గానీ వారసులకు వస్తుంది, పెళ్లైనవాళ్లకైతే భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. పేరు మార్పుకు దరఖాస్తు రాయడం ఎనిమిదో తరగతి పిల్లలకు నేర్పవచ్చు.