చన్నీటి ఈతగాళ్ళ టోపీ కథ



కార్తీకమాసంలో తెల్లవారుజామున ఏటి స్నానానికి వెళ్ళినవాళ్ళకు ఒక సంగతి అనుభవమే. తుంగభద్ర గట్టువారైనా, వంశధార ఒడ్డువారైనా, యానాంలో గౌతమి రేవుకు వెళ్ళేవారైనా మోకాటిలోతు నీళ్ళలో నిలబడినంతసేపూ చలిని ఎలాగో ఓర్చుకుంటారు. తల ముంచే క్షణం వచ్చేసరికి మాత్రం గుండె ఝల్లుమంటుంది, ఊపిరి ఎగబీలుస్తుంది. మనకది మూడు మునకల ముచ్చట. గట్టెక్కి పొడిబట్ట కట్టుకుంటే సరిపోతుంది. అంతకన్నా చల్లని నీళ్ళలో ముఖం ముంచి గంటా గంటన్నర ఈదవలసిన మనిషి సంగతేమిటి? ఆ మనిషి తలకు ఏం పెట్టుకోవాలి?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ దీని వెనుక దాదాపు నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో సాహసం ఉంది, నియమాల మీద పట్టుదల ఉంది, చాలాకాలం అందరూ నమ్మిన ఒక పొరపాటు లెక్క కూడా ఉంది. ఈనాటి ప్రసంగంలో ఆ కథ చెప్పుకుందాం.

ముందుగా ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ ఉన్న ఇంగ్లీషు ఛానెల్ దగ్గరకు వెళ్దాం. దాని ఇరుకైన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. నడివేసవిలో సైతం ఆ నీటి వేడి 15 నుంచి 18 సెల్సియస్ డిగ్రీలు మాత్రమే. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. గాలికన్నా నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అటువంటి నీళ్ళలో 1875 ఆగస్టులో కెప్టెన్ మాథ్యూ వెబ్ అనే ఆంగ్లేయుడు దిగాడు. 21 గంటల 45 నిమిషాలు ఈది అవతలి ఒడ్డు చేరాడు. చలికి అతడు చేసుకున్న ఏర్పాటల్లా ఒంటికి పార్పాయిస్ అనే సముద్రజీవి నూనె పట్టించుకోవడమే.

ఆ తరువాత చెప్పుకోవలసింది గెర్ట్రూడ్ ఎడెర్లె అనే అమెరికా యువతి గురించి. అప్పటికి అయిదుగురు మగవాళ్ళు ఆ ఛానెల్ దాటారు. ఆడవాళ్ళ వల్ల కాదని అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. 1926 ఆగస్టు 6న, ఇరవై ఏళ్ళ వయసులో, ఆమె సుమారు పద్నాలుగున్నర గంటల్లో దాటింది. అంతకుముందు మగవాళ్ళు దాటిన అత్యుత్తమ సమయంకన్నా అది దాదాపు రెండు గంటలు తక్కువ. ఒళ్ళంతా దళసరిగా కొవ్వు పూత, కళ్ళకు నీరు చొరకుండా మైనంతో అంచులు మూసిన అద్దాలు, తలకు ఎర్రటి ఈత టోపీ. అదీ ఆమె వేషం. ఆ రోజుల్లో ఈత టోపీ అంటే ఆడవాళ్ళు జుట్టు తడవకుండా పెట్టుకునే రబ్బరు వస్తువు. కానీ నడి సముద్రంలో అది మరో పని చేస్తుంది. బూడిదరంగు అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. వెంట వచ్చే పడవవాళ్ళకు ఈతగత్తె జాడ తెలియాలంటే ఎర్రటి టోపీయే ఆనవాలు.

ఛానెల్ ఈతకు నియమాలు ఏర్పడినప్పుడు ఈ టోపీకి అందులో చోటు దొరికింది. కానీ దానికి ఒక హద్దు కూడా పెట్టారు. ఒక మామూలు ఈత దుస్తు, ఒకే ఒక టోపీ, కళ్ళద్దాలు, పూసుకోవడానికి కొవ్వు. ఇంతవరకే అనుమతి. వెచ్చదనం ఇచ్చే దుస్తులు గాని, టోపీ గాని పనికిరావు. వెబ్ పడ్డ కష్టంతోనే తరువాతివాళ్ళనూ కొలవాలన్నది వారి ఆలోచన. ఆ ఛానెల్‌నే 1958 సెప్టెంబరు 27న మన దేశం నుంచి తొలిసారిగా మిహిర్ సేన్ 14 గంటల 45 నిమిషాల్లో దాటారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 29న ఆరతీ సాహా దాటి, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళ అయ్యారు. 1994లో తమిళనాడుకు చెందిన పన్నెండేళ్ళ కుట్రాలీశ్వరన్ దాటాడు. ఆ నియమం నేటికీ అలాగే నిలిచి ఉంది.

ఇక కథలో రెండో పాయ మొదలవుతుంది. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ శాస్త్రజ్ఞులు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు కనిపెట్టారు. దాన్ని నురుగులా పొంగిస్తే లోపల సన్నని గాలి బుడగలు నిలుస్తాయి. ఆ బుడగలే చలికి అడ్డుగోడ. 1950ల తొలినాళ్ళలో కాలిఫోర్నియాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ సముద్రంలో మునిగి పనిచేసే నావికుల కోసం దానితో దుస్తులు రూపొందించాడు. తరువాత అలల మీద పలకలతో ఆడేవాళ్ళు వాటిని అందుకున్నారు. దుస్తులతోపాటు తల, చెవులు, మెడ కప్పే ముసుగులు కూడా వచ్చాయి.

మూడో పాయ ట్రయాథ్లాన్. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తి చేసే పోటీ ఇది. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్ డియాగోలో ఆ పేరుతో తొలి పోటీ జరిగింది. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లో దాని పెద్దన్న పుట్టింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు. ఆనాడు బయలుదేరింది 15 మంది, పూర్తి చేసింది 12 మంది. హవాయి సముద్రం వెచ్చనిది కాబట్టి తల సంగతి ఎవరికీ పట్టలేదు. కానీ ఆట చల్లని తీరాలకు పాకింది. 1981లో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో, ఒకప్పుడు జైలుగా ఉన్న ఆల్కట్రాజ్ దీవి దగ్గర నుంచి ఈదే పోటీ మొదలైంది. 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ అనే ఆయన ప్రత్యేకించి ట్రయాథ్లాన్ ఈతకే నియోప్రీన్ దుస్తులు తయారు చేయించాడు. 2003లో నార్వేలో నార్స్‌మన్ అనే పోటీ వచ్చింది. తెల్లవారుజామున పెద్ద పడవ మీద నుంచి కొండల నడుమ ఉన్న లోతైన సముద్రపు పాయలోకి దూకి 3.8 కిలోమీటర్లు ఈదాలి. 2012లో స్కాట్లండులో మరొకటి మొదలైంది. ఇటువంటి చోట్లనే నియోప్రీన్ టోపీ మామూలు సరంజామాలో చేరింది.

ఛానెల్ వారు వద్దన్నదాన్నే ట్రయాథ్లాన్ వారు ఎందుకు రానిచ్చారు? కారణం తేలికగానే తెలుస్తుంది. ఛానెల్ ఈతగాడికి ఒడ్డు చేరడమే గమ్యం. ట్రయాథ్లాన్ వారికి ఒడ్డు చేరడం ఆరంభం మాత్రమే. కొంకర్లు పోయిన వేళ్ళతో సైకిలు బ్రేకు పట్టుకోలేడు. తల తిరుగుతుంటే కొండదారిలో సైకిలు తొక్కలేడు.

ఇక పొరపాటు లెక్క సంగతికి వద్దాం. ఒంటి వేడిలో సగం దాకా తలగుండానే పోతుందని చాలామంది చెబుతుంటారు. 1970లో అమెరికా సైన్యం వెలువరించిన ఒక చేతిపుస్తకం కూడా 40 నుంచి 45 శాతం దాకా పోతుందని రాసింది. దీని మూలం అంతకుముందు సైన్యం జరిపిన చలి పరీక్షల్లో ఉంది. ఒళ్ళంతా దళసరి దుస్తులతో కప్పి, తల ఒక్కటే వదిలేసి కొలిచారు. తక్కిన తలుపులన్నీ మూసి ఒక్క కిటికీ తెరిచి ఉంచితే గాలంతా ఆ కిటికీలోనుంచే కదా పోయేది! ఒంటి చర్మంలో తల వాటా పదో వంతుకు మించదు. అది వదిలే వేడి కూడా దాదాపు అంతే. 2008లో బ్రిటిష్ వైద్య పత్రిక ఒకటి ఈ నమ్మకాన్ని అపోహల జాబితాలో చేర్చింది.

అయితే టోపీ అక్కర్లేదా? అక్కడే తొందరపడకూడదు. 2006లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎనిమిది మందిని 17 డిగ్రీల నీటిలో ఉంచి, తల పైన ఉన్నప్పుడూ మునిగి ఉన్నప్పుడూ కొలిచారు. వణుకు వల్ల పుట్టే వేడి లెక్కను చెరపకుండా మందులతో వణుకును ఆపారు. తల ముంచినప్పుడు అదనంగా పోయిన వేడి సుమారు పదో వంతే. కానీ ఒంటి లోపలి భాగం చల్లబడే వేగం దాదాపు 40 శాతం పెరిగింది. చలి తగిలినప్పుడు చేతుల్లో, కాళ్ళలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల మీది నాళాలు అంతగా ముడుచుకోవు. అందుచేత అక్కడ చల్లబడిన రక్తం తిరిగి లోపలికి వస్తూనే ఉంటుంది. పెద్దలు చెప్పిన లెక్క తప్పు గాని, తల జాగ్రత్త అన్న మాట తప్పు కాదు.

రెండో కారణం చెవి. వియన్నాలో రాబర్ట్ బారనీ అనే వైద్యుడు రోగుల చెవులు నీటితో కడిగేటప్పుడు ఒక వింత గమనించాడు. నీరు మరీ చల్లగా ఉన్నా, మరీ వేడిగా ఉన్నా రోగికి కళ్ళు తిరిగేవి. లోపలి చెవిలో మన నిలకడను కాపాడే ద్రవం వేడి మారగానే కదలడమే దానికి కారణమని ఆయన వివరించాడు. ఆ కృషికే 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. సముద్రంలో ఈతగాడికి జరిగేది అదే. ఒక చెవిలోకి చన్నీళ్ళు ఎక్కువగా పోతే పైకప్పు ఏదో, అడుగు ఏదో తెలియనట్లు అయిపోతుంది. కనుక చెవులు రెండూ సమంగా మూసే టోపీ వెచ్చదనం ఇవ్వడమే కాదు, నిలకడనూ కాపాడుతుంది.

ఇంత తెలిశాక ఎంపిక కష్టం కాదు. లేటెక్స్ టోపీ పలచన, చవక. కానీ చలికి పెద్దగా ఆగదు, కొందరి చర్మానికి పడదు. సిలికోన్ టోపీ కొంచెం దళసరి. ఒక మోస్తరు చలికి అటువంటివి రెండు వేసుకుని, కళ్ళద్దాల పట్టీని రెండింటి నడుమ ఉంచితే అల కొట్టినా జారదు. నీరు మరింత చల్లగా ఉంటే నియోప్రీన్ టోపీ, దాని మీద పోటీ వాళ్ళు ఇచ్చే రంగు టోపీ. గడ్డం కింద పట్టీ ఉంటే నీరు లోపల చేరదు. అయితే పట్టీ గొంతును నొక్కకూడదు, నోరు పూర్తిగా తెరుచుకోవాలి. పైది నల్ల టోపీ కాకూడదు. నారింజో, పసుపో, ఎరుపో అయి ఉండాలి. చెవులు మూసుకున్నాక పడవవాళ్ళ కేక వినపడదు కాబట్టి చేతి సంజ్ఞలు ముందుగానే మాట్లాడుకోవాలి. నియమాలు పోటీకీ పోటీకీ మారతాయి కనుక ముందే కనుక్కోవాలి. కొత్త టోపీని పోటీరోజున మొదటిసారి పెట్టుకోవడం కొత్త చెప్పులతో తిరుమల కొండ ఎక్కడం వంటిది.

మన వైపు సంగతి వేరు. 2019లో గోవాలో సగం దూరపు ట్రయాథ్లాన్ జరిగింది. అక్కడి సముద్రం వెచ్చనిది. రామేశ్వరం దగ్గరి పాక్ జలసంధీ అంతే. అటువంటి నీళ్ళలో నియోప్రీన్ టోపీ మేలు చేయకపోగా ఒంట్లో వేడిని బంధించి ప్రాణం మీదికి తెస్తుంది. 2010 అక్టోబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో, వెచ్చని సముద్రంలో జరిగిన పది కిలోమీటర్ల పోటీలో ఫ్రాన్ క్రిపెన్ అనే అమెరికా గజఈతగాడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరువాతనే నీటి వేడి 31 డిగ్రీలు మించితే పోటీ జరపరాదని అంతర్జాతీయ సంఘం నియమం తెచ్చింది. నీటిని బట్టి టోపీ గాని, టోపీని బట్టి నీరు కాదు.

చివరిగా అసలు మాట. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయాథ్లాన్ పోటీల్లో మరణాలూ, గుండె ఆగిపోయిన ఘటనలూ కలిపి 135 నమోదయ్యాయని ఒక వైద్య అధ్యయనం లెక్క తేల్చింది. వాటిలో 90 ఈతలోనే జరిగాయి. చన్నీళ్ళు తగిలిన తొలి నిమిషాలు గుండెకూ ఊపిరికీ పరీక్ష. ఆ దెబ్బను ఏ టోపీ ఆపలేదు. దాన్ని తగ్గించేది అలవాటు. ముందు రోజుల్లో అయిదారుసార్లు, కొద్ది నిమిషాల చొప్పున, పక్కన మనిషిని ఉంచుకుని చన్నీళ్ళలో దిగి వస్తే ఒళ్ళు ఆ దెబ్బకు అలవాటు పడుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా దిగనే కూడదు. ఏటిలో ఒక్కసారిగా తల ముంచకు, ముందు కాళ్ళు తడుపుకో, ముఖం కడుక్కో అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాటలోనూ ఉన్నది ఈ జాగ్రత్తే.

గెర్ట్రూడ్ ఎడెర్లెకు చిన్ననాడు తట్టు సోకి వినికిడి దెబ్బతింది. ఛానెల్ దాటిన తరువాత అది మరింత తగ్గి, కొన్నేళ్ళకు దాదాపు పూర్తిగా పోయింది. ఆమె కుంగిపోలేదు. న్యూయార్కులో చెవులు వినపడని పిల్లల బడిలో ఈత నేర్పింది. 2003లో తొంభై ఎనిమిదో ఏట కన్నుమూసింది. ఆమె చేతికింద ఈత నేర్చిన పిల్లలకు ఒడ్డు నుంచి పిలిచే పిలుపు వినపడదు. చేతి సైగ చూసి రావలసిందే. చన్నీటిలో చెవులు మూసుకుని ఈదే ఈనాటి ఈతగాడికీ అదే దారి. తలకు మంచి టోపీ ఉండాలి, దాన్ని ఒడ్డు మీది నుంచి కనిపెట్టి చూసే కళ్ళూ ఉండాలి.